లోపటికి పోయినాయన

రత్నాబాయి జొన్నపిండి పిసుకుతుండగా ఆమె భర్త జైలుకు పోయాడు.

ఆయన కన్నుమూసి ఆరేళ్ళు దాటింది. బతికున్నన్నాళ్ళూ జైలు గుమ్మం తొక్కిన మనిషి కాదు. అయినా ఆ ఆదివారం పొద్దున, కొడుకు తుషార్ చేతిలో ఉన్న కొత్త పుస్తకంలో, పోలీసులు వచ్చి ఆయన్ని పట్టుకుపోయారు.

తుషార్ తాము ఉండే ఒంటిగది ఖోలీ గుమ్మానికి ఆనుకుని నిలబడి, వరండాలో పోయేవాళ్ళకు కూడా వినపడేట్టు ముందు మరాఠీలో చదివాడు. తర్వాత తల్లి కోసం తెలుగు చేశాడు. మిల్లు కార్మికుల సమ్మె రోజుల్లో బంబయి కామాఠీపుర తెలుగు కార్మికుడు బాలనర్సయ్య జైలుపాలయ్యాడట. నెలన్నర లోపలే ఉన్నాడట. గేటు దాకా పోయిన భార్యను పోలీసులు చూడనివ్వలేదట. ఆమె తెచ్చిన రొట్టెల మూటను మాత్రం లోపలికి చేరవేశారట.

"విన్నవా ఆయీ? బాపు పేరు అచ్చయింది! ఇంత పెద్ద ముచ్చట నాకెప్పుడు చెప్పకపోతివేందే?"

"ఏ జైలు?" అంది రత్నాబాయి.

"ఏ జైలేంది? పుస్తకం రాసిన సాక్షికి నువ్వే చెప్పినవ్ గదా. కింద నీ పేరు గూడ ఏసింది చూడు, 'రత్నాబాయితో మాట్లాడినది' అని."

ఆమె చేతులకు అంటిన పిండి ఆరి బిగుసుకుపోతోంది. చేతులు కడుక్కోవాలన్న సంగతి కూడా తోచలేదు. తుషార్ అప్పటికే పుస్తకం తీసుకుని పక్క ఖోలీల వైపు నడిచాడు. అతని అడుగులో ఒక ఊపు వచ్చింది. మునిసిపల్ ఆఫీసులో ప్యూను పని చేసే తన కొడుకు ఛాతీ విరుచుకుని నడవడం రత్నాబాయి అరుదుగా చూసింది.

సాక్షి ఈ గల్లీ పిల్లే. ఆమె ముత్తవ్వ, రత్నాబాయి అవ్వ ఒకే కాలంలో పాలమూరు నుంచి వచ్చి, ఒకే మేస్త్రీ కింద సున్నం తట్టలు మోశారు. సాక్షి మాత్రం బాగా చదువుకుంది. సమ్మె కాలంలో అధికారం ఎవరి చేతుల్లో ఉండేది, యజమానులూ యూనియన్లూ సర్కారూ ఎట్లా కుమ్ములాడుకున్నారు, సమ్మె చితికిపోయాక మిల్లోళ్ళ పిల్లలు ఏ ఏ జెండాల కిందికి చేరారు, వీటన్నిటి మీద పుస్తకం రాసింది. పెద్ద నాయకుల మాటలు కాక, చాళ్లలో, ఈ ఇరుకు ఖోలీల వరసల్లో, వండిపెట్టిన ఆడవాళ్ళ మాటలు చరిత్రలోకి రావాలని ఆమె పట్టుదల. పోయిన వానాకాలం ఫోను ముందు పెట్టుకుని ఇదే నేల మీద కూర్చుని, సగం తెలుగు సగం మరాఠీలో, సమ్మెను సంప్ అంటూ, అడిగింది: "సంప్‌ల తాతకు ఏమైంది ఆజీ?"

"ఏమైతది బిడ్డా. లోపటికి పోయిండు."

అంతే. అబద్ధమాడలేదు రత్నాబాయి. దాచనూ లేదు. సమ్మె ఏడాది ఈ గల్లీ ఆడవాళ్ళు ఎట్లా అనేవాళ్ళో అట్లాగే అంది. పోలీసులకు చిక్కినవాళ్ళను "పట్టుకపోయిన్రు" అనేవాళ్ళు. సమ్మె విరిచి మిల్లు గేటు దాటినవాళ్ళను "లోపటికి పోయిండు" అనేవాళ్ళు. పొద్దున లేస్తే ఒకే నళ్ దగ్గర నీళ్ళు పట్టుకోవాలి, ఒకరి గోడ ఇంకొకరికి గోడ. మొఖం మీద అనలేని మాటకు ఆడవాళ్ళు కప్పిన పమిట కొంగు ఆ మాట. కోపమొచ్చినప్పుడు ఇంకో మాట ఉండేది. అది ఒక తెల్లవారి రత్నాబాయి తలుపు మీద తారుతో రాసి కనపడింది: గద్దార్, అంటే ద్రోహి.

లోపలికి పోయినవాళ్ళను మిల్లు బయటికి పంపేది కాదు. బయటికొస్తే తంతారని అక్కడే, నేత సాంచాల నడుమ పడుకోబెట్టింది. గేటుకు పోలీసు కాపలా. నెలన్నర తర్వాత ఇంటికొచ్చిన బాలనర్సయ్యకు గడ్డం పెరిగింది, కొడుకు గుర్తుపట్టక ఏడ్చాడు. మిల్లన్న మాట ఒక్కటి తప్ప, గేటు, పోలీసులు, రొట్టెలు, గడ్డం, అన్నీ సాక్షికి చెప్పింది. నలభై ఏళ్ళ తర్వాత పుట్టిందీ పెరిగిందీ బంబయిలోనే అయిన పిల్ల, "అందర్ గయా" అంటే జైలని మాత్రమే తెలిసిన పిల్ల, విన్నదాంట్లో ఒక్క ముక్క కూడా జైలుకు అతకనిది లేదు.

జైలుకు పోయిన మనిషి వేరే ఉన్నాడు. గోడకు అవతలే ఉన్నాడు.

పెంటయ్య, బాలనర్సయ్య ఒకే మిల్లులో ఒకే షిఫ్టు మనుషులు. గేటు ముందు లాఠీలు లేచిన నాడు పెంటయ్యను పట్టుకుపోయారు. తిరిగొచ్చినప్పుడు మోకాలు వంగలేదు, మిల్లు మళ్ళీ పనిలోకి తీసుకోలేదు. ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక ఇనుప సామాన్ల దుకాణం ముందు కూర్చుని తూకం వేస్తూ ముసలివాడయ్యాడు. ఇప్పుడు చెవులు సరిగా వినపడవు, చూపు మసక. ఆయనా, భార్య పెంటమ్మా ఇద్దరే ఉంటారు. బాలనర్సయ్య లోపలికి పోయి కాపాడుకున్న కొలువు మాత్రం ఎన్నాళ్ళు నిలిచింది? కొన్నేళ్ళకు ఆ మిల్లూ మూతపడింది. ఆయన నాగ్‌పాడాలో ఒక గోదాముకు వాచ్‌మన్ అయ్యాడు, రత్నాబాయి గ్రాంట్ రోడ్ దగ్గర ఇళ్ళలో వంటకు కుదిరింది. రెండు కుటుంబాలూ పండక్కి గిన్నెలు మార్చుకున్నాయి, చావులకు భుజాలు మార్చుకున్నాయి. సమ్మె గురించి మాత్రం గోడకు ఇటూ అటూ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు నళ్ దగ్గర పెంటమ్మ ఎత్తింది.

"ఏమే రత్నా, నీ మొగుడు జైల్ల రొట్టెలు తింటున్నప్పుడు మా ముసలాయన ఏడున్నడే? అత్తగారింట్ల పండుగ చేస్కుంటున్నడా?"

రత్నాబాయి బిందె కింద పెట్టింది. "వదినా, నేను గట్ల చెప్పలే. లోపటికి పోయిండన్న. గా పిల్లకు గట్ల సమజైంది."

"సమజైంది! మంచిగ సమజైంది. నా మొగుని మోకాలు ఇరిగింది, నీ మొగుని పేరు పెరిగింది." బిందె నిండి పొర్లుతున్నా పెంటమ్మ నళ్ కట్టలేదు. "ఒక్కటి చెప్త ఇను. నీ కొడుకు పసిగుడ్డప్పుడు మీ తలుపు మీద తారు రాసిన్రు సూడు, గప్పుడే నేను నీ ఇంటి ముంగట నిలబడి కడుపుల ఉన్నదంత కక్కేదాన్ని. మా ఆయన చెయ్యి పట్టి గుంజిండు. 'పిలగాని ముంగట అనొద్దు. తండ్రి ముచ్చట పిలగానికి మోపొద్దు' అన్నడు. గా ఒక్క మాటకు నలభై ఏండ్లు నోరు కుట్టుకున్న. ఇప్పుడు సంప్ మీద పుస్తకమొచ్చిందని ముసలాయనకు ఎవలో చెప్పిన్రట. నిన్నటి సంది ఒకటే అడుగుడు: 'నా పేరుందా? చదివిపియ్యరాదే.' ఏం చదివిపియ్యాలె?"

పెంటమ్మ బిందె నెత్తికెత్తుకుని, వెనక్కి చూడకుండా పోయింది.

ఆ సాయంత్రమే రత్నాబాయి కొడుకును కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. తుషార్ ఫోను అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

"అంటే బాపు సంప్‌ల పనికి పోయిండా?"

"పోయిండు."

"నన్ను చూసే పోయిండా?"

"నిన్ను చూసే పోయిండు. ఇంట్ల గింజ లేకుండె, నాకు పాలు ఇంకిపోయినయ్."

"మరింక? తప్పేముంది?"

"తప్పని నేనన్ననా? జైలుకు పోలేదంటున్న."

తుషార్ గొంతు తగ్గించాడు. "ఎవరెవరికి ఎరుక?"

"పెంటయ్యన్నకు, వదినకు. మిగిలినోల్లు ఎవరున్నరు, అందరు పోయిన్రు."

"కాకాకు చెవులు వినపడవు, కండ్లు కనపడవు."

"నోరుంది కొడుకా."

"నలభై ఏండ్లు మూస్కున్నడు గదా! ఇంకో నెల మూస్కుంటె ఏం పోతది?" అనేశాడు తుషార్. అని, తల్లి ముఖం చూసి తలదించుకున్నాడు.

నెల అనడానికి కారణం ఉంది. చాళ్ కూల్చి కొత్త బిల్డింగు కట్టడం మీద మాటలు సాగుతున్నాయి. బిల్డరుతో మాట్లాడే కమిటీకి నెల రోజుల్లో ఎన్నిక పెట్టారు. తుషార్ నిలబడ్డాడు. నిలబెట్టింది మంగేష్, ఈ చాళ్‌లోనే పుట్టి ఒక పార్టీలో తిరిగే మనిషి. పుస్తకం సంగతి తెలియగానే మంగేష్ రెక్కలు కట్టుకుని వచ్చాడు. "జైల్కు పోయినోని కొడుకువు రా నువ్వు! బిల్డరు ముంగట కూసుంటె వానికి చెమట పట్టాలె," అని తుషార్ వీపు చరిచాడు. చాళ్ ముంగిట్లో పుస్తకానికి సభ, రత్నాబాయికి శాలువా అని తీర్మానించాడు. రెండు రోజుల్లో ఫ్లెక్సీ లేచింది. అందులో బాలనర్సయ్య రేషన్ కార్డు ఫొటో తలుపంత పెద్దదై గల్లీ మొత్తాన్ని బెదురుగా చూస్తోంది. కింద చేతులు జోడించిన మంగేష్, ఆ పక్కన చేతులు జోడించిన తుషార్.

రత్నాబాయి సాక్షి ఇంటికి పోయింది. అమ్మాయి తలుపు తీసి, నవ్వుతూ కాళ్ళకు దండం పెట్టి, విషయం వినేసరికి మంచం అంచున కూలబడింది. ఫోనులో ఆనాటి మాటలు వెతికి మళ్ళీ విన్నది. "లోపటికి పోయిండు" దగ్గర ఆపి, మళ్ళీ పెట్టి, మళ్ళీ ఆపింది.

"మిల్లు లోపటికి అని ఎందుకనలేదు ఆజీ?"

"మేం గట్లనే అంటం బిడ్డా. ఎప్పటికి గట్లనే అంటం."

"నేనడగాలె. జైలేనా అని ఒక్క మాట అడగాలె," అంది సాక్షి తనలో తాను. "ఇప్పటికే యూనియన్ వాళ్ళొకదిక్కు, పార్టీ వాళ్ళొకదిక్కు నా పుస్తకం మీద పడ్డరు. ఎవరి తప్పు రాసిన, వాళ్లు అబద్ధమంటున్నరు. ఇదొక్కటి బయటపడితే మొత్తం అబద్ధమేనంటరు." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మల్ల అచ్చేసినప్పుడు మారుస్త ఆజీ. ఒట్టు. సభల మాత్రం ఇప్పుడే అనకు... నాకు కొంచెం టైమియ్యి."

ఈ పిల్లకు టైము కావాలి, కొడుక్కి నెల కావాలి. గోడ అవతల ఉన్న ముసలాయనకు ఎంత టైముందో ఎవరూ అడగడం లేదు.

సభ నాడు ముంగిట్లో కుర్చీలు వేశారు. పెంటయ్యను ఎవరో చేయి పట్టి తెచ్చి మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా తొడిగాడు, గడ్డం గీయించుకున్నాడు. పెంటమ్మ పక్కన రాయిలా కూర్చుంది. వేదిక మీద సాక్షి తల దించుకుని పుస్తకం అట్టను గోటితో గీరుతోంది. మంగేష్ మరాఠీలో ఉరుముతున్నాడు. ఈ మట్టిలో పుట్టిన వీరుడు, సర్కారుకు లొంగనివాడు, కటకటాల వెనక కూడా తలవంచనివాడు.

"జైలంటున్నడేందే?" పెంటయ్య భార్య వైపు వంగి అడిగాడు. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ముంగిలంతా వినపడింది. "నా గురించేనా? నా పేరు చెప్పిండా?"

వెనక వరసలో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆయన మళ్ళీ అడిగాడు, ఇంకా గట్టిగా. "చెప్పిండా?"

అప్పుడే రత్నాబాయిని పిలిచి, శాలువా కప్పి, టెంకాయ చేతిలో పెట్టారు. రెండు మాటలు చెప్పమని మంగేష్ మైకు వంచాడు. జీవితంలో మైకు ముందు నిలబడటం ఆమెకు అదే మొదలు. తన ఊపిరి తనకే బుస కొట్టినట్టు వినిపించింది.

"మా ఇంటాయన జైలుకు పోలే," అంది. "మిల్లుకు పోయిండు. జైలుకు పోయింది గాయన, పెంటయ్యన్న."

ముంగిట్లో సగం మందికి తెలుగు కూర అడగడానికి వస్తుంది, కథ వినడానికి రాదు. ఏం చెప్పిందన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంగేష్‌కు అర్థమైంది. అర్థమైన మరుక్షణమే మైకు అందుకున్నాడు. "ఆజీ ఏమన్నదో తెలుసా?" అన్నాడు మరాఠీలో. "మిల్లే మాకు జైలంటున్నది!" చప్పట్లు మోగాయి. ఎవరో ఈల వేశారు.

రత్నాబాయి మంగేష్ మణికట్టు పట్టుకుని మైకును మళ్ళీ తన వైపు లాగింది. ఈసారి బజారు హిందీలో, ఒక్కో మాటా తూచి పెట్టినట్టు చెప్పింది: "జైల్ నహీ గయా. హర్తాల్ మే కామ్ పే గయా."

చప్పట్లు తెగిపోయాయి. ఎక్కడో ఒక నవ్వు మొలిచి, ఇంకో రెండు మూడు చోట్ల చిగిర్చింది. "వయసైంది ఆజీకి, పాపం," అంటూ మంగేష్ ఆమెను భుజాలు పట్టి కుర్చీ వైపు నడిపించాడు. వేదిక పక్కన తుషార్ నిలబడి ఉన్నాడు. అతని ముఖం చూసి రత్నాబాయి చూపు తిప్పుకుంది. మొదటి వరసలో పెంటమ్మ భర్త చెవిలో నోరు పెట్టి చెబుతోంది. పెంటయ్య విన్నాడు. తల ఊపాడు. ఆ తర్వాత ఇస్త్రీ చొక్కా చేతి మడతలో ముఖం దాచుకుని, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రాత్రి నళ్ దగ్గర పెంటమ్మ ఎదురుపడితే రత్నాబాయి ఏదో ఒక మంచి మాట వస్తుందనుకుంది. "చెప్పేదానివి ముందే ఇంటికొచ్చి చెప్పరాదా?" అంది పెంటమ్మ. "వందమందిల ఏడిపిచ్చినవ్ నా మొగున్ని."

తుషార్ తల్లితో మాట్లాడటం మానేశాడు. కోడలు కంచం పెడితే తిన్నాడు, తల్లి పెడితే ఆకలి లేదన్నాడు. మాట బయటపడ్డది, కొడుకు ఓడిపోతాడు అనుకుంది రత్నాబాయి. ఓడిపోలేదు. "జైలైతే ఏంది, మిల్లైతే ఏంది, ఖోలీకి ఎంత జాగ ఇప్పిస్తడో అది అడుగుండ్రి," అన్నారు చాళ్‌లో. తుషార్ గెలిచి, పేడాల డబ్బా తెచ్చి తండ్రి ఫొటో ముందు పెట్టాడు. తల్లికి ఇవ్వలేదు. ఎవరూ పట్టించుకోని నిజం కోసమా ఇంత చేశానని ఆమె ఒకటి రెండుసార్లు అనుకుంది. మరి పట్టించుకోని అబద్ధం కోసం అంత ఫ్లెక్సీ ఎందుకు కట్టారో కూడా అనుకుంది.

వానలు మొదలయ్యాక సాక్షి వచ్చింది. ముఖం పీలగా అయింది. సభ సంగతి ఎవరో ఫోనుల్లో తిప్పారు. అబద్ధాల చరిత్ర అని ఆమెను తిట్టనివాళ్ళు లేరు. అయినా పుస్తకం మళ్ళీ అచ్చుకు పోతోంది. ముందు గోడ అవతలికి పోయి పెంటయ్య దగ్గర కూర్చుని వచ్చింది. ఈసారి ప్రతి మాటకూ, అంటే ఏమిటి తాతా అని అడిగానని చెప్పింది. గుమ్మం దగ్గర తుషార్ డ్యూటీకి బూట్లు కట్టుకుంటున్నాడు. ఆమెను చూసి పలకరించలేదు.

"పెంటయ్య తాత పేరు ఎక్కిచ్చిన ఆజీ. మీ ఆయన పేరు మొత్తానికే తీసేస్త. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

బూట్ల దగ్గర చప్పుడు ఆగింది.

"తియ్యకు," అంది రత్నాబాయి.

"మరి ఏం రాయాలె?"

మొగుడి పేరు ఆమె ఏనాడూ నోట పలకలేదు. ఓటు వేయడానికి పోయినా పక్కనున్నవాళ్ళ చేత చెప్పించేది. "బాలనర్సయ్య," అంది. పలికాక ఆ పేరు ఎవరో పరాయివాడిదిలా తోచింది. "సంప్ నడుస్తుంటె మిల్లుల పని చేసిండు. తోటోల్లు బయటున్నప్పుడు చేసిండు. రాయి."

సాక్షి రాసుకుంది. రాసినదాన్ని చూసుకుని నొచ్చుకుంది. "ఉట్టిగ ఇంతే రాస్తే మరీ... ఎందుకు పోయిండో గూడ రాస్త ఆజీ. ఇంట్ల గింజలు లేవు, పసిపిల్లగానికి పాలు లేవు. చదివేటోల్లకు అర్థమైతది."

రత్నాబాయి గోడ వైపు చూసింది. అవతల పెంటయ్య దగ్గుతున్నాడు.

"అది రాయకు బిడ్డా. రాస్తే పెంటయ్యన్నకు గూడ రాయాలె. గోడకవతల గూడ గింజలు లేకుండె. వాల్లింట్ల గూడ పసిపిల్ల ఉండె."

తుషార్ ఒక కాలికి బూటుతో లేచి నిలబడ్డాడు. వారాల తర్వాత తల్లితో అతను మొదటిసారి మాట్లాడాడు.

"ఏ పిల్ల? కాకావాల్లకు పిల్లలు లేరు గదా ఆయీ?"

"ఉండె," అంది రత్నాబాయి.